మెదడు కాండానికి దెబ్బ తగిలితే స్కాన్‌లో ఏం కనిపిస్తుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రోడ్డు ప్రమాదంలోనో, ఎత్తు నుంచి పడిపోయో తలకు గాయమైన వారి ఇళ్ల నుంచి వచ్చాయి. వాటిలో మెదడు కాండం గురించి అడిగిన వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు రాస్తున్నాను. రిపోర్టుల్లో ‘బ్రెయిన్ స్టెమ్’ అని రాసేది దీన్నే. పెద్ద మెదడుకు కింద, చిన్న మెదడుకు ముందు, వెన్నుపాముకు పైన ఇది ఉంటుంది. పై నుంచి కిందికి మధ్య మెదడు, పాన్స్, మెడుల్లా అని దీనిలో మూడు భాగాలు. మొత్తం కలిపినా ఒక బొటనవేలంత. ఊపిరి, గుండె వేగం, మింగడం, కళ్లు తిప్పడం, అన్నింటికీ మించి మెలకువగా ఉండటం దీని అధీనంలో ఉంటాయి. చేతులకూ కాళ్లకూ వెళ్లే ఆజ్ఞలన్నీ ఈ సన్నని దారిలోంచే దిగుతాయి. అందుకే ఇక్కడ ఆవగింజంత గాయమైనా మనిషి స్పృహ కోల్పోవచ్చు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడి వయసు 26. బైకు మీద వస్తూ డివైడర్‌ను ఢీకొన్నాడు. ఆస్పత్రికి చేర్చిన గంటలోపే సీటీ స్కాన్ తీసి, ‘పెద్దగా ఏమీ లేదు, కొంచెం వాపు ఉంది’ అన్నారు. అయిదు రోజులు గడిచినా కళ్లు తెరవలేదు. ఆరో రోజు ఎంఆర్‌ఐ తీసి, మెదడు కాండంలో దెబ్బ ఉందన్నారు. మొదటి స్కాన్‌ను తప్పుగా చదివారా? రెండింటి సీడీలూ పంపుతున్నాను. (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: రెండు సీడీలూ తెరిచి చూశానమ్మా. మొదటి స్కాన్‌ను తప్పుగా చదివారని నేను అనలేను. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే అనుమానం చాలా కుటుంబాలను ఏళ్ల తరబడి బాధపెడుతుంది.

తలకు గాయమై వచ్చిన మనిషి విషయంలో మొదటి గంటలో తేల్చవలసిన ప్రశ్న, వెంటనే ఆపరేషన్ చేసి తీయవలసిన రక్తపు గడ్డ పుర్రె లోపల ఉందా లేదా అన్నది. సీటీ దానికి కొద్ది నిమిషాల్లోనే నమ్మదగిన సమాధానం ఇస్తుంది. ఎముక ఎక్కడ విరిగింది, రక్తం ఎక్కడ చేరింది, మెదడు ఒక పక్కకు జరిగిందా అన్నవి దానిలో బాగా తెలుస్తాయి. మెదడు కాండం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి పుట్టుకతో వచ్చిన ఒక ఇబ్బంది ఉంది. పాన్స్‌కూ మెడుల్లాకూ రెండు పక్కలా, లోపలి చెవిని పొదివి పట్టుకున్న ఎముకలు ఉంటాయి. శరీరంలో అతి గట్టి ఎముకల్లో ఇవీ ఉన్నాయి. ఎక్స్‌-రే కిరణాలు ఒక పక్క ఎముకలోంచి రెండో పక్క ఎముకలోకి దూసుకుపోయేటప్పుడు తక్కువ శక్తి గల కిరణాలు అక్కడే ఇంకిపోయి, ఎక్కువ శక్తి గలవే ఎక్కువగా బయటపడతాయి. ఆ తేడాను యంత్రం సరిగా లెక్కకట్టలేక, చిత్రంలో పాన్స్ మీదుగా అడ్డంగా ఒక నల్లని పట్టీని గీస్తుంది. సీటీని కనిపెట్టి 1979లో నోబెల్ బహుమతి పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఈ పట్టీని పిలుస్తారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలి రోగికి సీటీ తీశారు. అప్పటితో పోలిస్తే యంత్రాలు ఎంతో మారాయి. పలచని పొరలుగా తీయడం వల్ల, కంప్యూటరుతో దిద్దుకోవడం వల్ల ఆ పట్టీ బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సరిగ్గా ఆ పట్టీ కిందే చిన్న గాయం ఉంటే ఎంత అనుభవం ఉన్న కంటికైనా కనిపించకపోవచ్చు.

రెండో కారణం ఆ గాయం తీరులోనే ఉంది. వేగంగా పోతున్న బండి ఒక్కసారిగా ఆగినప్పుడు తల ముందుకు విసురుగా పోవడమే కాక పక్కకు గిర్రున తిరుగుతుంది. పెద్ద మెదడు బరువైనది, మెత్తనిది. దాన్ని మోసే కాండం సన్నగా, కింద వెన్నుపాముతో కట్టుబడి ఉంటుంది. పైభాగం తిరిగినంతగా కింది భాగం తిరగలేదు కాబట్టి ఆ మధ్యలో వేలాది నరాల పోగులు సాగిపోయి, కొన్ని అప్పుడే, మరికొన్ని తరువాతి గంటల్లో తెగుతాయి. తలకు గాయమైన తరువాత కోలుకోకుండా చనిపోయిన వారి మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తెల్ల పదార్థంలో ఇలా పోగులు చెదిరిపోయిన సంగతిని 1956లో సబీనా స్ట్రిచ్ అనే వైద్యురాలు వివరించింది. ఇప్పుడు మనం ‘డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ’ అంటున్నది దాన్నే. పోగులతో పాటు పక్కనున్న సన్నని రక్తనాళం కూడా చిట్లితే, అక్కడ చేరిన రక్తం సీటీలో తెల్లని చుక్కగా కనిపించే అవకాశం ఉంటుంది. నాళం చిట్లకుండా పోగులు మాత్రమే తెగితే సీటీలో పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక మీ తమ్ముడి ఎంఆర్‌ఐ చిత్రాల సంగతి. మధ్య మెదడును అడ్డంగా కోసినట్టు చూపే పొరలో ఆ భాగం, ముందు వైపు రెండు గుండ్రని చెవులున్న చిన్న ఎలుక తలలా కనిపిస్తుంది. ఆ చెవుల్లోంచే చేతుల కాళ్ల కదలికల దారులు దిగుతాయి. మీ తమ్ముడికి ఆ చెవులు రెండూ బాగున్నాయి. వెనుక వైపు, ఎడమ మూలన, ఫ్లెయిర్ అనే పద్ధతిలో తీసిన చిత్రంలో శనగబద్దంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. అది వాపు. ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతిలో తీసిన చిత్రంలో అదే చోట ఆవగింజల్లాంటి రెండు నల్లచుక్కలు ఉన్నాయి. అవి రక్తం. రక్తంలోని ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా చెదరగొడుతుంది కాబట్టి, సీటీ చూడలేనంత సూక్ష్మమైన రక్తపు మచ్చ కూడా ఆ పద్ధతిలో నల్లగా తేలుతుంది. పెద్ద మెదడు రెండు సగాలను కలిపే కట్ట వెనుక భాగంలోనూ అలాంటిదే ఒక చుక్క ఉంది. తల గిర్రున తిరిగి అయిన దెబ్బలో ఈ రెండు చోట్లా గాయం కలిసి కనిపించడం మామూలే. ఆ తరువాత మొదటి రోజు సీటీని మళ్లీ తెరిచి అదే మట్టం, అదే మూల వెదికాను. ఎక్కడ చూడాలో ముందే తెలిసి చూసినా నాకు అక్కడ ఏమీ కనిపించలేదు.

తప్పు ఎక్కడైనా జరిగిందంటే అది మీతో చెప్పిన మాటలో జరిగింది. ‘ఆపరేషన్ చేయవలసిన గడ్డ లేదు, అయినా స్పృహ రాలేదు కాబట్టి సీటీకి కనిపించని దెబ్బ ఉండవచ్చు, పరిస్థితి నిలకడ పడగానే ఎంఆర్‌ఐ తీస్తాం’ అని చెప్పి ఉండవలసింది. సీటీలో ఉన్నదానికీ మంచం మీద ఉన్న మనిషి స్థితికీ పొంతన లేకపోవడమే ఎంఆర్‌ఐ అవసరమని చెప్పే గట్టి సూచన. ‘పెద్దగా ఏమీ లేదు’ అన్న మాట విని మీరు అయిదు రోజులు ఏ ఆశతో గడిపారో నేను ఊహించగలను.

ప్రశ్న: మా నాన్నగారు (61) మేడ మెట్ల మీద నుంచి పడ్డారు. ఎడమ పక్క పెద్ద రక్తపు గడ్డ ఉందని ఆ రాత్రే ఆపరేషన్ చేసి తీశారు. మర్నాడు తీసిన సీటీలో పాన్స్ మధ్యలో రక్తం ఉంది. అది మొదటి సీటీలో లేదట. రిపోర్టులో ‘డ్యూరే’ అని రాశారు. ఆపరేషన్ వల్లే ఇలా జరిగిందా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. మెదడు కాండంలో కనిపించే రక్తం రెండు రకాలు. దెబ్బ తగిలిన క్షణంలోనే అయ్యేది ఒకటి. పైన ఉన్న వేరే గడ్డ నెట్టడం వల్ల తరువాత అయ్యేది రెండోది. స్కాన్‌లో ఈ రెండింటినీ వేరు చేసి చెప్పడం రేడియాలజిస్టు బాధ్యత, ఎందుకంటే వాటి కారణం వేరు, అర్థం వేరు.

పెద్ద మెదడుకూ చిన్న మెదడుకూ మధ్య టెంటోరియం అనే గట్టి పొర పందిరిలా పరచుకుని ఉంటుంది. దాని మధ్యలో ఉన్న ఖాళీలోంచి మెదడు కాండం కిందికి దిగుతుంది. పైన గడ్డ పెరుగుతూ పోతే, పుర్రె సాగదు కాబట్టి, మెదడు దొరికిన ఒకే ఒక్క దారిలో, అంటే ఆ ఖాళీ గుండా కిందికి జారుతుంది. కాండం కిందికి నెట్టుకుపోతుంది. కాండానికి ముందు నిలువుగా ఉండే పెద్ద రక్తనాళం మాత్రం అంతగా జరగదు. ఆ నాళం నుంచి కాండంలోకి గుచ్చినట్టు వెళ్లే సన్నని కొమ్మలు సాగి, చిట్లి, మధ్య మెదడు కింది భాగంలో, పాన్స్ పైభాగంలో, సాధారణంగా నడిమి గీతకు దగ్గరగా రక్తం చేరుతుంది. 1878లో దీని మీద పరిశోధన ప్రచురించిన ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ డ్యూరే పేరే మీ రిపోర్టులో ఉన్నది. దెబ్బ క్షణంలోనే అయ్యే గాయం ఎక్కువగా మధ్య మెదడు వెనుక పక్క మూలల్లో ఉంటుంది. పై ఉత్తరంలోని అబ్బాయికి ఉన్నది అలాంటిదే.

కాబట్టి మీ నాన్నగారి కాండంలో రక్తానికి మూలం ఆ గడ్డ తెచ్చిన ఒత్తిడి. గడ్డ తీసి ఒత్తిడి తగ్గించాక, నలిగిన నాళాల్లోకి రక్తం మళ్లీ పారడం మొదలయ్యాక ఈ మచ్చ బయటపడటం కూడా ఉంది. అంతమాత్రాన ఆపరేషన్ తప్పు అనలేం, చేయకపోతే ఆ ఒత్తిడి అలాగే కొనసాగేది. మొదటి సీటీలో మధ్య మెదడు చుట్టూ ఉండే నీటి సందులు తెరుచుకుని ఉన్నాయా, మూసుకుపోయాయా అని మీ సర్జన్ గారిని అడగండి. మామూలుగా అవి నల్లని సన్నని అంచులా కాండాన్ని చుట్టి ఉంటాయి. అవి మూసుకుపోయాయంటే అప్పటికే కాండం నలుగుతోందని అర్థం. తల గాయాల సీటీలను వర్గాలుగా విడదీసే మార్షల్ పద్ధతిలోనూ, 1991 నుంచి, ఈ సందుల స్థితికి ముఖ్యమైన చోటు ఉంది.

డ్యూరే రక్తస్రావం వచ్చిన వారిలో చాలామంది బతకరు. ఆ మాట మీ దగ్గర దాచడం న్యాయం కాదు. అయితే దాన్ని దాటి బయటపడి, మనుషులను గుర్తుపట్టే స్థితికి చేరినవారి గురించి కూడా వైద్య పత్రికల్లో నమోదై ఉంది. మీ నాన్నగారి విషయంలో రాబోయే రోజుల్లో కంటిపాపలు వెలుగుకు ఎలా స్పందిస్తున్నాయి, నొప్పి కలిగిస్తే చేయి ఎలా కదులుతోంది అన్నవి ఆ మచ్చ సైజు కంటే ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న: మా వారికి తలలో కుడి పక్క గడ్డ కట్టింది. కుడి పక్క మెదడు ఎడమ చేతిని, కాలిని నడిపిస్తుందని చదివాను. కానీ ఆయనకు కుడి చేయి, కుడి కాలే పడిపోయాయి. స్కాన్‌లో కుడి ఎడమలు తారుమారు అయ్యాయేమోనని భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: భయం సహజమే. ముందుగా చేయవలసింది కూడా అదే: పుర్రె మీద కుట్లు ఏ పక్క ఉన్నాయి, చిత్రంలో ఏ పక్క గుర్తు ఉంది అన్నది సరిచూసుకోవడం. మీ వారి కుట్లు కుడి పక్కే ఉన్నాయని రాశారు కాబట్టి తారుమారు జరగలేదు.

జరిగింది ఇది. కుడి పక్క గడ్డ మెదడు కాండాన్ని ఎడమకు నెట్టింది. ఎడమ పక్కన టెంటోరియం పొర అంచు కత్తి అంచులా గట్టిగా ఉంటుంది. మధ్య మెదడు ఎడమ ‘చెవి’ వెళ్లి దానికి ఒత్తుకుని నొక్కుపడింది. ఆ ఎడమ చెవిలోంచి దిగే దారులు ఇంకా కిందికి, మెడుల్లాలోకి వెళ్లాక కుడి పక్కకు మారతాయి. అందువల్ల కుడి చేయి, కుడి కాలు బలహీనపడ్డాయి. 1929లో జేమ్స్ కెర్నోహాన్, హెన్రీ వోల్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఈ నొక్కును వివరించారు. అందుకే దీన్ని కెర్నోహాన్ నొక్కు అంటారు. సీటీలో ఇది సాధారణంగా తెలియదు. ఎంఆర్‌ఐలో గడ్డకు ఎదురు పక్కన, మధ్య మెదడు చెవిలో చిన్న తెల్లని మచ్చగా కనిపిస్తుంది. మీ వారికి ఎంఆర్‌ఐ తీసినప్పుడు ‘ఎడమ సెరిబ్రల్ పెడంకిల్‌లో (అంటే ఆ ఎడమ చెవిలో) మార్పు ఉందా’ అని రిపోర్టులో రాయమని అడగండి. ఫిజియోథెరపీ మాత్రం దాని కోసం ఆపవద్దు. ఈ బలహీనత కొంతమందిలో బాగా తగ్గుతుంది.

ప్రశ్న: మా అన్నయ్య ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘గ్రేడ్ 3’ అని ఉంది. ఇంటర్నెట్‌లో చూస్తే అదే ఆఖరి గ్రేడు అని ఉంది. ఇక ఆశ లేదని, ఇంటికి తీసుకెళ్లిపోదామని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: ఆ ఒక్క అంకె చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఈ మాట నేను ఎంతో బలంగా చెప్పాలనుకుంటున్నాను.

ఆ గ్రేడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. పోగులు తెగిన గాయాన్ని మూడు మెట్లుగా విడదీసింది గ్లాస్గోకు చెందిన హ్యూమ్ ఆడమ్స్ బృందం, 1989లో. పెద్ద మెదడు తెల్ల పదార్థంలో మాత్రమే ఉంటే ఒకటి, రెండు సగాలను కలిపే కట్టలో కూడా ఉంటే రెండు, మెదడు కాండం వరకు వస్తే మూడు. ఆ వర్గీకరణకు ఆధారం చనిపోయిన వారి మెదళ్లను పరీక్షించి చూసిన అంశాలు. దాన్నే ఇప్పుడు బతికున్న వారి ఎంఆర్‌ఐకి వాడుతున్నాం. కాండంలో ఒక మూలన ఒక్క చుక్క ఉన్నా గ్రేడ్ 3 అవుతుంది, రెండు పక్కలా పాన్స్ అంతా దెబ్బతిన్నా గ్రేడ్ 3 అవుతుంది. ఆ రెండు స్థితులూ ఒకటి కావు.

ఆ తేడాను పట్టుకోవడానికి ప్రయత్నించినవాడు జర్మనీ న్యూరోసర్జన్ రైముండ్ ఫిర్షింగ్. కోమాలో ఉన్న వారికి తొలి రోజుల్లోనే ఎంఆర్‌ఐ తీసి చూసిన ఫలితాలను 1998లో ప్రచురించాడు. కాండంలో గాయమే లేదా, ఒక పక్క మాత్రమే ఉందా, మధ్య మెదడులో రెండు పక్కలా ఉందా, పాన్స్‌లో రెండు పక్కలా ఉందా అని ఆ బృందం నాలుగు మెట్లు చేసింది. చివరిదానిలో మరణాలు అన్నింటికంటే ఎక్కువ. కాబట్టి మీరు డాక్టరు గారిని అడగవలసింది గ్రేడు ఎంత అని కాదు. గాయం కాండంలో ఏ భాగంలో ఉంది, ఒక పక్కనా రెండు పక్కలా, ముందు వైపా వెనుక వైపా, అక్కడ రక్తం ఉందా లేక వాపు మాత్రమేనా అని అడగండి. రక్తం లేని గాయం ఉన్నవారు రక్తం ఉన్నవారి కంటే మెరుగ్గా కోలుకోవడం తరచుగా చూస్తాం, ఎందుకంటే ఫ్లెయిర్‌లో కనిపించే తెల్లదనంలో కొంత భాగం తగ్గిపోయే వాపే కావచ్చు.

స్కాన్ ఎన్నో రోజున తీశారన్నదీ ముఖ్యమే. డిఫ్యూజన్ అనే మరో ఎంఆర్‌ఐ పద్ధతిలో కనిపించే మార్పు తొలి రోజుల్లో ప్రస్ఫుటంగా ఉండి, ఒకటి రెండు వారాల్లో వెలిసిపోతుంది. ఫ్లెయిర్‌లోని తెల్లదనం వారాల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. నల్లచుక్కలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. మూడు నెలల తరువాత తీసిన ఎంఆర్‌ఐలో ‘చుక్కలు అలాగే ఉన్నాయి’ అని చదివి ఏమీ బాగుపడలేదని దిగులు పడవలసిన పని లేదు. అది మిగిలిపోయిన ఇనుము మరక మాత్రమే.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. ‘అన్నయ్య కదలడు, మాట్లాడడు, కానీ అమ్మ వస్తే చూపు పైకి ఎత్తుతున్నట్టు ఉంటుంది’ అని రాశారు. పాన్స్ ముందు భాగం రెండు పక్కలా దెబ్బతింటే చేతులు, కాళ్లు, ముఖం, గొంతు అన్నీ కట్టుబడిపోయి, లోపల పూర్తి మెలకువ ఉన్నా మనిషి కోమాలో ఉన్నట్టే కనిపించవచ్చు. చూపు పైకీ కిందికీ తిప్పడం, రెప్ప వేయడం మాత్రం మిగులుతాయి. 1966 నుంచి దీన్ని ‘లాక్డ్-ఇన్’ స్థితి అంటున్నారు. మెడ విసురుగా తిరిగినప్పుడు మెడ వెనుక భాగంలోంచి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి, దానిలో గడ్డ కట్టి, పాన్స్‌కు రక్తం ఆగిపోవడం వల్ల కూడా ఇది రావచ్చు. ‘పైకి చూడు, కిందికి చూడు’ అని నెమ్మదిగా చెప్పి, అతను చెప్పినట్టు చేస్తున్నాడేమో మీ న్యూరాలజిస్టు గారితో ఈ రోజే పరీక్ష చేయించండి. మెడ రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రామ్ తీశారా అని కూడా అడగండి. ఇది అయ్యేదాకా అతని మంచం పక్కన ఆశ లేదన్న మాట ఎవరినీ అననివ్వకండి. అతనికి అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు.

ప్రశ్న: ఎంఆర్‌ఐ అంత మేలైనదైతే మొదటి రోజే ఎందుకు తీయరు? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: సీటీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తల గాయానికి కావలసిన పద్ధతులన్నిటితో ఎంఆర్‌ఐ తీయాలంటే అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. అంతసేపు రోగి ఆ సొరంగంలో ఉంటే, కంటిపాప పెద్దదవుతున్నా, రక్తపోటు పడిపోతున్నా చేయి వేయడం కష్టం. వెంటిలేటర్, మందులు ఎక్కించే పంపులు, మానిటరు తీగలు అన్నీ అయస్కాంతానికి తగిన రకం కావాలి. పుర్రెలో ఒత్తిడి కొలిచే గొట్టం పెట్టి ఉంటే అది కూడా సరిపడేదేనా అని చూసుకోవాలి. తల కింద పరుపు చదునుగా ఉంచడం వల్ల కొందరిలో మెదడు ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఒత్తిడి, రక్తపోటు అదుపులోకి వచ్చాక, ఎక్కువగా మొదటి వారంలో తీస్తారు.

లోహం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 2018 జనవరిలో ముంబయిలో ఒక రోగికి తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్‌ఐ గదిలోకి అడుగుపెట్టి, అయస్కాంతం లాగేయడంతో ప్రాణాలు కోల్పోయాడు. అయస్కాంతం స్కాన్ జరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. గది బయట ఎవరు ఎంత తొందర పెట్టినా మీరు సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లకండి.

అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో చెబుతారు; యంత్రం 1.5 టెస్లాదైనా 3 టెస్లాదైనా ఈ గాయాన్ని చూడవచ్చు. 3 టెస్లాలో చిన్న చుక్కలు ఇంకొంచెం బాగా కనిపిస్తాయి, దానితో పాటు ముక్కు వెనుక గాలి గదుల దగ్గర చిత్రం చెదరడం కూడా ఎక్కువే. మీ ఊళ్లో 1.5 మాత్రమే ఉంటే వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని దాని కోసం వంద కిలోమీటర్లు తరలించవద్దు. ఎస్‌డబ్ల్యూఐ తీస్తారా అని మాత్రం ముందే అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి (11) మూడు వారాల కింద ఆడుకుంటూ పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. స్పృహ తప్పలేదు. ఒకసారి వాంతి అయింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మెదడు కాండానికి ఏమైనా అయిందేమో తెలుసుకోవడానికి స్కాన్ తీయించాలా? (ఒక తల్లి, సిద్దిపేట)

జవాబు: అవసరం లేదమ్మా. కాండానికి చెప్పుకోదగ్గ దెబ్బ తగిలిన పిల్లవాడు మూడు వారాల తరువాత మామూలుగా తిని, నడిచి, బడికి వెళ్లడు. ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, నీళ్లు తాగితే పొలమారడం, నడుస్తుంటే ఒక పక్కకు తూలడం, నిద్రమత్తు వదలకపోవడం వంటివి కనిపిస్తే మాత్రం వెంటనే చూపించండి. తల సీటీ ఒకసారి తీస్తే శరీరానికి అందే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, ప్రకృతి నుంచి మనకు దాదాపు ఏడాదిలో అందేంత. అవసరమైనప్పుడు అది భయపడవలసిన మొత్తం కాదు, కానీ కేవలం మన ఊరట కోసం పిల్లవాడికి ఇవ్వవలసినదీ కాదు.

ప్రశ్న: మా బంధువును జీవన్మృతుడని ప్రకటించే ముందు ఎంఆర్‌ఐ తీయలేదు. స్కాన్ లేకుండా మెదడు కాండం పనిచేయడం లేదని ఎలా తేల్చారు? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: స్కాన్ ఆకారాన్ని చూపుతుంది. జీవన్మృతి తేల్చేది పనిని బట్టి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం పని శాశ్వతంగా ఆగిపోవడాన్నే ప్రమాణంగా తీసుకుంది. నలుగురు వైద్యుల బృందం మంచం దగ్గరే పరీక్షలు చేసి, కనీసం 6 గంటల తరువాత అవే పరీక్షలు మళ్లీ చేయాలి. కంటిపాపల మీద వెలుగు వేయడం, కనుగుడ్డును దూదితో తాకడం, చెవిలో చల్లని నీరు పోసి కళ్లు కదులుతాయేమో చూడటం, గొంతులోని గొట్టాన్ని కదిపి దగ్గు వస్తుందేమో చూడటం వంటివి వాటిలో ఉంటాయి. వీటిలో ఒక్కొక్కటీ కాండంలోని ఒక్కొక్క మట్టాన్ని అడిగే ప్రశ్న. చివరగా, ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ ఆపి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా ఛాతీ కదలదని నిర్ధారించుకుంటారు. అంటే మెడుల్లా కూడా స్పందించడం లేదన్నమాట.

దీనిలో సీటీ పాత్ర మొదట్లోనే ఉంటుంది. ఈ స్థితికి కారణం ఏమిటో, అది బాగుచేయలేనిదని చెప్పగలిగే కారణమేనా అన్నది చూపుతుంది. మత్తు మందులు, శరీరం చల్లబడిపోవడం, రక్తంలో లవణాల తేడా వంటివి లేవని తేల్చుకున్నాకే పరీక్షలు మొదలుపెట్టాలి. ఆ రెండు విడతల పరీక్షల పత్రాన్ని చూపించమని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ పథకం కింద అవయవదానం జరగాలన్నా ఈ నిర్ధారణ, కుటుంబం అనుమతి రెండూ ఉండాలి.

ప్రశ్న: ప్రమాదం జరిగి రెండేళ్లయింది. పాత ఫిల్ములు అటకెక్కించాం, వేడికి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇంకా దాచాలా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఫిల్ముల కంటే సీడీ ముఖ్యం. ఫిల్ము మీద కొన్ని పొరలే అచ్చవుతాయి. సీడీలో అన్ని పొరలూ, అన్ని పద్ధతులూ ఉంటాయి. కాండం లాంటి చిన్న భాగాన్ని పెద్దది చేసి, వేరే కోణంలో చూసే వీలు దానితోనే ఉంది. స్కాన్ సెంటర్‌కు తేదీ, రోగి నంబరు చెప్పి సీడీ మరో ప్రతి ఇస్తారేమో ఇప్పుడే అడగండి, చాలా చోట్ల పాత చిత్రాలను ఎల్లకాలం దాచరు. మోటారు ప్రమాద పరిహారం కేసు నడుస్తుంటే, వైకల్య ధ్రువపత్రం కావలసి వస్తే మొదటి వారంలో తీసిన ఎంఆర్‌ఐ గట్టి ఆధారం అవుతుంది. దొరికిన సీడీని ఇంట్లో కంప్యూటరులోకి ఒకసారి, పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి ఎక్కించి పెట్టుకోండి. అంటుకుపోయిన ఫిల్ములను మాత్రం బలవంతంగా లాగి విడదీయకండి, పైపొర ఊడి వస్తుంది.